ఆకు చాటు లెక్కలు

రావిచెట్టు రాత్రిపూట కూడా ఆక్సిజన్ ఇస్తుందట! సికింద్రాబాద్‌లో ఏ పార్కుకైనా పొద్దున్నే వెళ్లి, నాలుగు రౌండ్లు నడిచొచ్చి బెంచీమీద కూలబడ్డ పెద్దమనుషుల్ని కదిపి చూడండి. కనీసం ఒక్కరి నోటైనా ఈ మాట వినిపిస్తుంది. పక్కాయన వెంటనే అందుకుని 'వేప కూడా ఇస్తుందండీ' అంటాడు. మూడో ఆయన జాబితాలో తులసినీ చేర్చేస్తాడు. ఆ సాయంత్రానికల్లా అది ముగ్గురి ఫోన్లలోంచీ మరో ముప్ఫైమందికి చేరిపోతుంది.

వినడానికి బాగానే ఉంటుంది. కానీ నిజం కాదు. ఆకు ఆక్సిజన్‌ని వదలాలంటే ముందు దానిలోని నీటి అణువు చీలాలి. అది చీలాలంటే వెలుతురు పడాలి. సూర్యుడు అస్తమించాడంటే ఆ ఖార్ఖానాకి తాళం పడ్డట్టే. రాత్రివేళ రావిచెట్టూ మనలాగే ఆక్సిజన్ పీల్చి కార్బన్‌డయాక్సైడ్ వదులుతుంది. వేపా అంతే, తులసీ అంతే. అలాగని చెట్టుకింద మంచం వేసుకోవడానికి భయపడక్కర్లేదు. ఆరుబయట గాలిలో ఆ కాస్తా లెక్కలోకి రాదు.

మరి ఈ మాట ఎలా పుట్టింది? బహుశా కలబంద, బ్రహ్మజెముడు, అనాస లాంటి మొక్కల సంగతి ఎవరో సగం విని ఉంటారు. ఎండ ప్రాంతాల్లో పెరిగే ఈ మొక్కలు పగలు ఆకుల రంధ్రాలు తెరిస్తే ఉన్న నీరంతా ఆవిరైపోతుంది. అందుకని చల్లబడ్డాక రాత్రిపూట తెరిచి కార్బన్‌డయాక్సైడ్‌ని లోపలికి తీసుకుని, పుల్లటి ఆమ్లం రూపంలో దాచుకుంటాయి. తెల్లారాక తలుపులు మూసుకుని ఆ సరుకుతో వంట మొదలుపెడతాయి. అంటే రాత్రిపూట అవి సరుకు తెచ్చుకుంటాయంతే. ఆక్సిజన్ వచ్చేది మాత్రం వాటికీ పగలే. రావి, మర్రి లాంటివి గోడల మీదా వేరే చెట్ల మీదా మొలిచి నీళ్లు లేకుండా బతుకుతాయి కదా, వాటికీ ఈ విద్య ఉందేమోనన్న అనుమానం శాస్త్రవేత్తలకూ వచ్చింది. అలా వేరే చెట్లమీద పెరిగే మర్రిజాతి చెట్లను పరిశీలిస్తే ఆ లక్షణం కనిపించలేదు. అమెరికా ఖండపు ఉష్ణమండలంలో పెరిగే క్లూజియా అనే చెట్లకు మాత్రం ఈ విద్య తెలుసు. చెట్లలో వాటిది అరుదైన కోవ.

ఇక్కడే అసలు కథ మొదలవుతుంది. మారేడుపల్లి వీధుల్లోని కానుగ, కంటోన్మెంటు రోడ్ల పక్క నిద్రగన్నేరు, బొల్లారం రాష్ట్రపతి నిలయంలోని మామిడి, గుడి ముందు రావి, బడి ఆవరణలోని తురాయి... పైకి చూస్తే ఒక్కోదానిదీ ఒక్కో వాలకం. ఆకు విప్పి లోపలికి చూస్తే అన్నింట్లోనూ పనిచేసేది ఒకే కూలీ. గాలిలోని కార్బన్‌డయాక్సైడ్‌ని పట్టుకుని చక్కెర తయారీకి అందించే ఎంజైము అది. దాని పూర్తిపేరు రిబ్యులోజ్ బిస్‌ఫాస్ఫేట్ కార్బాక్సిలేజ్ ఆక్సిజనేజ్. పలికేసరికి నాలుక తిరగదు కాబట్టి అందరూ రూబిస్కో అంటారు. 1947లో దీన్ని ఆకుల్లోంచి మొదట వేరుచేసినవాళ్లలో ఒకరైన సామ్ వైల్డ్‌మన్ పదవీవిరమణ సభ 1979లో కాలిఫోర్నియాలో జరిగింది. అక్కడ డేవిడ్ ఐజెన్‌బర్గ్ అనే సహచరుడు ఓ బిస్కెట్ కంపెనీ పేరుకు ప్రాస కలిపి సరదాగా అన్న మాట అది. అలాగే నిలిచిపోయింది!

పేరు ముద్దుగా ఉన్నా పనితనం అంతంతమాత్రం. మన ఒంట్లోనూ మొక్కల్లోనూ ఉండే కొన్ని ఎంజైములు సెకనుకు లక్షలసార్లు పనిచేస్తాయి. రూబిస్కో సెకనుకు మూడు కార్బన్‌డయాక్సైడ్ అణువుల్ని పట్టుకుంటే గొప్ప. పైగా దానికి చూపు సరిగా ఆనదు. కార్బన్‌డయాక్సైడ్ అనుకుని ఆక్సిజన్‌ని పట్టేసుకుంటూ ఉంటుంది. మామూలు వాతావరణంలో నాలుగైదుసార్లకు ఓసారి ఈ పొరపాటు జరుగుతుంది. ఎండ ముదిరేకొద్దీ ఇంకా ఎక్కువ. అలా తప్పు పట్టుకున్నప్పుడల్లా ఆకు తన శక్తిని ఖర్చుపెట్టి ఆ తప్పుని దిద్దుకోవాలి, ఆ గొడవలో అప్పటికే సంపాదించిన కార్బన్ కొంత పోతుంది కూడా. పాపం రూబిస్కోనే అనీ లాభంలేదు. అది పుట్టిన కాలంలో గాలిలో ఆక్సిజన్ లేదు మరి!

పనివాడు నెమ్మది అయితే యజమాని ఏం చేస్తాడు? ఎక్కువమందిని పెట్టుకుంటాడు. మొక్కలూ అదే చేశాయి. ఆకులో కరిగే ప్రొటీన్లలో మూడో వంతు నుంచి సగం దాకా ఈ ఒక్క ఎంజైమే ఉంటుంది. ప్రపంచం మొత్తమ్మీద దాని బరువు సుమారు 70 కోట్ల టన్నులని 2019లో ఓ లెక్క కట్టారు. అందులో నూటికి తొంభైపాళ్లకు పైగా నేలమీది మొక్కల ఆకుల్లోనే ఉంది.

కొన్ని మొక్కలు మాత్రం ఇంకో ఉపాయం పన్నాయి. జొన్న, సజ్జ, రాగి, మొక్కజొన్న, చెరకు, గరిక, పల్లేరు, ఆఖరికి మన తోటకూర కూడా... ఇవి పొరపాటు చేయని మరో ఎంజైముని గుమ్మంలో కాపలా పెట్టి, అది పట్టుకున్న కార్బన్‌డయాక్సైడ్‌ని ఈనెల చుట్టూ ఉన్న లోపలి గదుల్లోకి చేరవేసి, అక్కడున్న రూబిస్కో చుట్టూ దాన్ని కుక్కేస్తాయి. దాంతో రూబిస్కోకి పొరపడే అవకాశమే తక్కువ. ఈ పద్ధతికి సి-4 అని పేరు. పాతపద్ధతికి సి-3. మండుటెండలో, తక్కువ నీటితో జొన్న నిలబడుతుంటే వరి సొమ్మసిల్లడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఈ రహస్యం బయటపడ్డ కొత్తల్లో, అంటే 1970ల్లో, దాన్ని మనదేశంలో గట్టిగా పట్టుకున్న చోట్లలో తిరుపతి ఒకటి. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆచార్య వి.ఎస్.రామదాస్, ఆయన శిష్యులు పొలంగట్ల మీదా బీళ్లలోనూ ఎవరూ పట్టించుకోని కలుపుమొక్కల్ని పీక్కొచ్చి ఏది ఏ పద్ధతో తేల్చే పనిలో పడ్డారు. నేలబారుగా పెరిగే మొల్లుగో న్యూడికాలిస్ అనే చిన్న కలుపుమొక్కలో ఆకు ఉన్న చోటునిబట్టి రెండు పద్ధతులూ కనిపిస్తున్నాయని ఏ.ఎస్.రాఘవేంద్ర, రాజేంద్రుడు, రామదాస్ కలిసి 1978లో నేచర్ పత్రికలో రాశారు. అప్పట్లో అది చిన్న విషయం కాదు. ఆ రాఘవేంద్రే తరవాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి వచ్చి దశాబ్దాలపాటు ఈ రంగంలోనే పనిచేశారు. జంటనగరాలకు కిరణజన్య సంయోగక్రియతో చుట్టరికం అలా కుదిరింది.

సరే, ఇంత మంచి ఉపాయం ఉన్నప్పుడు చెట్లన్నీ దాన్నే పట్టుకోవచ్చుగా? అదే చిత్రం. ప్రపంచంలో సుమారు 60 వేల రకాల చెట్లున్నాయని లెక్క. వాటిలో సి-4 చెట్లు వేళ్లమీద లెక్కపెట్టేటన్నే. హవాయి దీవుల్లో పాలుకారే యుఫోర్బియా జాతి చెట్లు కొన్ని, మధ్య ఆసియా ఎడారుల్లో శాక్సాల్ అనే గిడసబారిన చెట్లు. అంతే! ఎందుకలా అన్నదానిమీద రకరకాల వాదనలున్నాయి. చెట్టు తన ఆకుల్లో చాలావాటిని తన నీడలోనే పెట్టుకుంటుందనీ, నీడలో ఆ అదనపు ఏర్పాటు ఖర్చు గిట్టుబాటు కాదనీ ఒక వాదన. ఏమైతేనేం, సికింద్రాబాద్ రోడ్లమీద నీడనిచ్చే చెట్లన్నీ ఆ పాత నెమ్మది పనివాణ్ని పెట్టుకునే కాపురం చేస్తున్నాయి. మే నెలలో, 40 డిగ్రీల ఎండలో!

పద్ధతి ఒకటే అయినప్పుడు మరి తేడా ఎక్కడ? ఆకుమీద ఎంత పెట్టుబడి పెట్టాలి, అందులో ఎంజైముకి ఎంత, గట్టిదనానికి ఎంత, ఆ ఆకుని ఎన్నాళ్లు ఉంచుకోవాలి... ఈ లెక్కల్లోనే తేడా అంతా.

ఆ తేడా తెలియాలంటే ప్రయోగశాలకు వెళ్లక్కర్లేదు, మోండా మార్కెట్‌కి వెళితే చాలు. అక్కడ మునగాకు దొరుకుతుంది, వేసవిలో చింతచిగురు దొరుకుతుంది, విస్తరాకులూ దొరుకుతాయి. మూడూ చెట్ల ఆకులే, తీగల ఆకులే. మునగాకు పల్చగా, మెత్తగా ఉంటుంది. కట్ట కొనుక్కుని ఇంటికొచ్చేలోపే వాడిపోతుంది. కానీ ప్రొటీన్లు పుష్కలం. పప్పులో వేసుకుంటే బలం అనేది అందుకే. ఆ బలంలో మంచి భాగం రూబిస్కోదే! విస్తరి కుట్టే మోదుగాకు, అడ్డాకు అలా కాదు. పుల్ల గుచ్చినా చిరగవు, పులుసు పోసినా కారవు, ఎండబెట్టి దాచినా చెడవు. ఆ గట్టిదనమంతా కణాల గోడల్లో పెట్టిన పెట్టుబడి. అవి నమిలి మింగేందుకు పనికిరావు, వడ్డించుకునేందుకే పనికొస్తాయి. ఇక చింత సంగతి మరీ తమాషా. చిగురుగా ఉన్న నాలుగురోజులే వంటింట్లోకి రానిస్తారు. ముదిరిందంటే దాని వంక చూసేవారుండరు. ఒకే ఆకు, వయసునిబట్టి రెండు లెక్కలు.

వ్యాపారం భాషలో చెప్పాలంటే మునగాకుది తోపుడుబండి బేరం. పెట్టుబడి తక్కువ, రోజువారీ తిప్పుడు ఎక్కువ, వాన పడితే బండి కట్టేయడమే. ఏడాకులపాల, మామిడి లాంటి దళసరి ఆకులది పాట్‌మార్కెట్‌లో నగల దుకాణం తంతు. కొట్టు పెట్టడానికే బోలెడంత పోయాలి, రాబడి నెమ్మదిగా వస్తుంది, కానీ పదికాలాలు నిలవాలి. ఇందులో ఏది గొప్ప అంటే చెప్పలేం. బజారులో ఇద్దరూ బతుకుతున్నారుగా!

ఈ సంగతిని 2004లో పెద్దఎత్తున తేల్చారు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఇయాన్ రైట్, మరికొందరు కలిసి 175 ప్రాంతాల్లోని 2,548 రకాల మొక్కల ఆకుల లెక్కలు పోగేశారు. చదరపు మీటరు ఆకు బరువు ఎంతుందని చూస్తే 14 గ్రాముల నుంచి 1,500 గ్రాముల దాకా ఉంది. ఆకు ఆయుష్షు నెలలోపు నుంచి 24 ఏళ్లదాకా ఉంది. అంత తేడా ఉన్నా, అన్నీ ఒకే గీతమీద నిలబడ్డాయి. పల్చటి ఆకులో నత్రజని పాలు ఎక్కువ, సంపాదన వేగం ఎక్కువ, ఆయుష్షు తక్కువ. దళసరి ఆకుది సరిగ్గా అందుకు ఎదురు. ఎడారి అయినా, మంచుకొండ అయినా, వానల అడవి అయినా అదే లెక్క. పల్చగా, చవగ్గా ఉండి, గబగబా సంపాదించి, పాతికేళ్లు బతికే ఆకు మాత్రం ఎక్కడా దొరకలేదు. ఒకవేళ ఉంటే మేకలు ఎప్పుడో తినేసి ఉండేవి.

మేకలంటే గుర్తొచ్చింది. సుబాబుల్, గ్లైరిసీడియా లాంటి చిక్కుడుజాతి చెట్ల ఆకుల్ని అవి ఎగబడి తింటాయి. ఈ చెట్ల వేర్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టిస్తుంది కాబట్టి ఆకులో నత్రజనికి లోటుండదు. కానుగదీ ఆ కుటుంబమే. కానీ దాన్ని మేక ముట్టుకోదు, చేదు! అందుకే రోడ్లపక్కన కంచె లేకపోయినా కానుగ మొక్క బతికి బట్టకడుతుంది. మన రైతులకు ఈ నత్రజని సంగతి యంత్రాలు రాకముందే తెలుసు. కానుగ కొమ్మలు నరికి దమ్ముచేసిన మడిలో తొక్కేవాళ్లు. పచ్చిరొట్ట ఎరువు అంటే అదేగా. అయితే రాలిన కానుగాకుల్ని ఏరుకొచ్చి వేయరు, పచ్చి కొమ్మలే నరుకుతారు. ఎందుకంటే ఆకుని వదిలించుకునే ముందు చెట్టు అందులోని రూబిస్కోని విడగొట్టి, చాలా చెట్లలో నత్రజనిని సగం దాకా వెనక్కి లాగేసుకుంటుంది. అద్దె ఇల్లు ఖాళీ చేసేవాళ్లు ఫ్యాన్లు, బల్బులు విప్పుకెళ్లినట్టు! ఆకు పసుపుపచ్చగా మారి రాలిపోతోందంటే లోపలి సామాను సర్దేశారన్నమాట.

ఇక అసలు పరీక్ష ఎండాకాలం. 1966 జూన్ 2న బేగంపేటలో 45.5 డిగ్రీలు నమోదైంది. ఇప్పుడు ఏటా మే నెలలో 40 దాటడం మామూలే. గాలి వేడి అంతుంటే, ఎండ నేరుగా పడే ఆకు వేడి ఇంకొన్ని డిగ్రీలు పైనే ఉంటుంది. మనకు చెమట ఎలాగో ఆకుకి రంధ్రాల్లోంచి పోయే నీటి ఆవిరి అలాగ. వేళ్లకి నీళ్లందితేనే ఆ చల్లదనం. నీళ్లు లేకపోతే చెట్టు పొద్దున పదీ పదకొండుకే రంధ్రాలు బిగించేస్తుంది. అప్పుడు లోపలికి కార్బన్‌డయాక్సైడ్ రాదు, లోపలి వేడి బయటికి పోదు. రూబిస్కో పొరపాట్లు రెట్టింపవుతాయి. దానికి తోడు రూబిస్కోని ఎప్పటికప్పుడు శుభ్రంచేసి పనిలోకి దింపే సహాయకుడు ఒకడున్నాడు, యాక్టివేజ్ అని. వాడు మరీ సుకుమారుడు. చాలా మొక్కల్లో 40 డిగ్రీల దరిదాపుల్లోనే చేతులెత్తేస్తాడు. యజమాని బాగానే ఉన్నా మేస్త్రీ రాకపోతే పని ఆగిపోయినట్టు, ఆకు పచ్చగానే ఉన్నా లోపల పని ఆగిపోతుంది.

ఇంకా వేడెక్కితే? ఉష్ణమండల అడవుల చెట్ల ఆకుల్లో వెలుగుని పట్టే యంత్రాంగమే దెబ్బతినే ఉష్ణోగ్రత సగటున 46.7 డిగ్రీలని 2023లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. ఇప్పటికే అక్కడక్కడా కొన్ని ఆకులు కాసేపు ఆ గీత దాటుతున్నాయట. చెట్లనగానే మనకు చల్లదనమే గుర్తొస్తుంది కానీ, వాటికీ వడదెబ్బ తగులుతుంది.

దీన్ని తట్టుకోవడానికి సికింద్రాబాద్ చెట్లు ఒక్కోటీ ఒక్కో దారి వెతుక్కున్నాయి. చింత, వేప, తురాయి, నిద్రగన్నేరు ఆకుని చిన్నచిన్న ముక్కలు చేసుకున్నాయి. చిన్న ఆకు చుట్టూ వేడిగాలి పొర పల్చగా ఉంటుంది, కాస్త గాలి కదిలితే చాలు వేడి ఎగిరిపోతుంది. పెద్ద పళ్లెంలో అన్నం కంటే మెతుకులు విడదీసి ఆరబోసిన అన్నం త్వరగా చల్లారుతుందిగా! టేకుది ఇంకో దారి. దాని ఆకు విసనకర్రంత. వానాకాలంలో నీళ్లకు కొదవలేనప్పుడు విప్పుకుని, ఎండలు ముదిరేసరికి అన్నీ రాల్చేసి మోడులా నిలబడుతుంది. ఖర్చు లేదు, సంపాదనా లేదు. సీతాఫలానిదీ ఇదే తోవ. మోదుగ ఆకులన్నీ రాల్చేసి పూలు తగిలించుకుంటుంది. రావి ఆకు పెద్దదే, కానీ పొడవాటి సన్నటి కాడకు వేలాడుతూ చిరుగాలికే గలగలలాడుతుంది. ఆ ఊగులాటే దానికి విసనకర్ర. నిద్రగన్నేరు సాయంత్రం అయ్యేసరికి ఆకులు ముడుచుకుంటుంది, మబ్బు పట్టినా ముడుచుకుంటుంది. ఆ సమయాన దానికింద నిలబడితే పైన ఆకాశం జల్లెడలోంచి చూసినట్టు కనిపిస్తుంది.

ఆకులు ఒకే చెట్టుమీద కూడా ఒక్కలా ఉండవు. మర్రి కొమ్మల చివర ఎండ తగిలే ఆకులు దళసరిగా ఉంటాయి. వాటిలో రూబిస్కో ఎక్కువ. లోపల నీడన ఉన్నవి కాస్త పల్చగా, వెడల్పుగా ఉంటాయి. అక్కడ వెలుతురే కరువు కాబట్టి దాన్ని పట్టే పత్రహరితానికి ఎక్కువ వాటా. ఇంట్లో సంపాదించేవాడికి ఒక కంచం, పొదుపు చేసేవారికి ఒక కంచం అన్నట్టుంటుంది వ్యవహారం.

అన్నిటికంటే వింత ఉగాది చిగుళ్లది. వానలు పడ్డాక చిగురించాలి కదా, న్యాయంగా. మన ప్రాంతంలో చాలా చెట్లు తొలకరికి రెండుమూడు నెలల ముందే, నిప్పులు చెరిగే రోజుల్లోనే కొత్తాకులు తొడుగుతాయి. ఫాల్గుణంలో వేప ఆకులు రాల్చి, వెంటనే రాగిరంగు చిగుళ్లు వేస్తుంది. రావి లేతాకులు గులాబీ రంగులో మెరుస్తాయి. ఏప్రిల్‌లో కానుగలు లేతాకుపచ్చ వార్నిష్ కొట్టినట్టుంటాయి. వాన వచ్చే నాటికి ఆకు సిద్ధంగా ఉండాలి, మొదటి చినుకు నుంచే సంపాదన మొదలవ్వాలి... అదీ వాటి ఎత్తుగడ. పాత నీటిని లోతు వేళ్లతో తోడి ఈ పందెం కాస్తాయి. అందుకే వేళ్లు పోవడానికి చోటు లేకుండా చుట్టూ సిమెంటు బిగించిన చెట్టు ఈ పందెంలో ముందే ఓడిపోతుంది.

మామిడి, రావి చిగుళ్లు ఎర్రగా ఎందుకుంటాయి? ఆ రంగు లేతాకుకి గొడుగు అంటారు కొందరు. ఇంకో కారణాన్ని పనామా అడవుల్లో పనిచేసిన కర్సర్, కోలీ దంపతులు చెప్పారు. లేతాకు మెత్తగా ఉంటుంది కాబట్టి పురుగులకు పండగ. అలాంటప్పుడు అందులో అప్పుడే ఖరీదైన ఎంజైములన్నీ నింపేస్తే పురుగులపాలే. కాబట్టి ముందు ఖాళీ ఇల్లు కట్టి, గోడలు గట్టిపడ్డాక సామాను దించుకోవడం మేలు. ఎరుపు పోయి పచ్చదనం వచ్చిందంటే గృహప్రవేశం అయిందన్నమాట.

గాలిలో కార్బన్‌డయాక్సైడ్ పెరుగుతోందిగా, రూబిస్కోకి అది లాభమే కదా అని ఎవరికైనా అనిపించవచ్చు. ఇప్పుడది పదిలక్షల పాళ్లకు 420 దాటింది. దీన్ని తేల్చడానికి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆచార్య అట్టిపల్లి రామచంద్రారెడ్డి బృందం పైకప్పు లేని గదుల్లాంటివి కట్టి, వాటిలోకి అదనపు కార్బన్‌డయాక్సైడ్ వదులుతూ చెట్లను పెంచింది. చాలా మొక్కలు మొదట్లో ఎగబడి తిని, ఆకుల్లో చక్కెర పేరుకుపోయాక, రూబిస్కోని తగ్గించేసుకుని పాత వేగానికి వచ్చేస్తాయి. కడుపు నిండినవాడు వంటవాణ్ని మానిపించినట్టు. కానీ గుమ్మడి టేకు అలా చేయలేదు, ఏపుగా పెరిగింది. 550 పాళ్ల దగ్గర పెంచిన మల్బరీ కూడా జోరు తగ్గించలేదని 2014లో ప్రచురించారు. మల్బరీని ఎప్పటికప్పుడు నరుకుతూ ఉంటే కొత్త కొమ్మలు వేస్తూనే ఉంటుంది. చక్కెరకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది కాబట్టి ఆకులో పేరుకోదు. అన్నట్టు పట్టుపురుగు మల్బరీ ఆకు తిని పట్టు నేసేది ఆ ఆకు ప్రొటీన్లతోనే. పోచంపల్లి చీరెలో ఎంత రూబిస్కో ఉందో ఎవరూ లెక్కపెట్టలేదు కానీ, ఉండటం మాత్రం ఉంది!

ఇదే బృందం కానుగనీ వదల్లేదు. సముద్రపు నీటి స్థాయి ఉప్పదనంలో కూడా కానుగ మొక్క ఎలా తట్టుకుంటుందో పరిశీలించి 2017లో వివరాలు ప్రచురించింది. చేదాకు, ఉప్పుకి ఓర్పు, వేళ్లలో నత్రజని, ఎండాకాలంలో కొత్తాకు. ఇన్ని ఉన్న చెట్టుని మన వీధుల్లో 'ఆ కానుగేగా' అని తీసిపారేస్తాం.

ఇక్కడో చేదు నిజం. జంటనగరాల్లో కొన్నేళ్లపాటు మొక్కల ఎంపిక ఈ లెక్కలేవీ చూడకుండానే సాగింది. త్వరగా పెరగాలి, ఏడాది పొడుగునా పచ్చగా కనపడాలి, పశువులు తినకూడదు... అంతే. అలా వచ్చిందే కోనోకార్పస్. ఆఫ్రికా, అరేబియా తీరాల చెట్టు. రోడ్డు మధ్యలో వరసగా గోడ కట్టినట్టు నాటారు. 2015లో మొదలైన హరితహారం రోజుల్లోనూ దానికి గిరాకీ బాగానే ఉండేది. తరవాత పుప్పొడి వల్ల ఎలర్జీలనీ, వేళ్లు పైపుల్లోకి పోతున్నాయనీ ఫిర్యాదులొచ్చి తెలంగాణలో నాటడం ఆపమన్నారు. 2023లో గుజరాత్ కూడా నిషేధించింది. ఆ ఫిర్యాదుల్లో ఏది ఎంత నిజమన్నది అలా ఉంచితే, ఊరంతా ఒకే రకం ఆకుని నింపడమే అసలు తప్పు. పురుగు పడితే అన్నిటికీ పడుతుంది, ఎండ దెబ్బ కొడితే అన్నిటికీ ఒకేసారి కొడుతుంది. మార్చిలో వేప ఆకు రాల్చేసరికి పక్కనే చింత నీడనివ్వాలి. మోదుగ మోడైన రోజుల్లో మర్రి పచ్చగా ఉండాలి. పాత వీధులకు ఆ అమరిక ఎలా కుదిరిందో గానీ, కుదిరింది.

ఇక రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా వినిపించే మాట, 'ఒక చెట్టు పోతే పది మొక్కలు నాటుతాం' అని. దీనికీ ఆకుల లెక్క ఉంది. కొమ్మలు ఇరవై మీటర్ల మేర పరుచుకున్న నిద్రగన్నేరుని తీసుకోండి. దాని నీడ సుమారు 314 చదరపు మీటర్లు. ఆ నీడపైన ఆకులు మూడు పొరలుగా ఉన్నాయనుకుంటే, ఎండకి తెరిచిపెట్టిన ఆకు వైశాల్యం 940 చదరపు మీటర్లు. దాదాపు నాలుగు గ్రౌండ్ల స్థలం అంత! నర్సరీ నుంచి తెచ్చి నాటిన మొక్కకి రెండు చదరపు మీటర్ల ఆకు ఉందనుకున్నా, ఆ ఒక్క చెట్టుకి సరితూగడానికి 470 మొక్కలు కావాలి. పది కాదు. అదీ ఆ 470 మొక్కలకూ వచ్చే మే నెల దాకా ఎవరో ఒకరు నీళ్లు పోస్తారనుకుంటే.